గంధం వారి స్టూడియో కోటు

నేను ఒక కోటును. అలాగని ప్లీడరు గారి కోటో, పెళ్ళికొడుకు కోటో అనుకుని లేచి నిలబడకండి. ఫోటో స్టూడియోలో మేకుకి వేలాడే కోటును. పాస్‌పోర్టు సైజు ఫోటోకి వచ్చినవాళ్ళు గోడనున్న అద్దంలో తల దువ్వుకుని, డబ్బాలోంచి ఇంత పౌడరు రాసుకుని, చొక్కా మీద తొడుక్కుంటారే, ఆ కోటును. మీది ఏలూరు చుట్టుపక్కల అయితే ఒకసారి బీరువా వెతకండి. మీదో, మీ నాన్నదో ఏదో ఒక ఫోటోలో నేను ఉండే ఉంటాను. ఎడమవైపు కాలరు మడత మీద శనగగింజంత మచ్చ కనిపిస్తే అది నేనే.

ముందే చెబుతున్నాను, నాది అనుమానపు పుట్టుక. ఎవర్నీ ఓ పట్టాన నమ్మను. నమ్మడానికి నాకేం కనపడింది గనక? అప్పటిదాకా బయట బెంచీ మీద చోటు కోసం పక్కవాడితో కీచులాడినవాడు, నాలోకి చేతులు దూర్చగానే బ్యాంకు మేనేజరులా గడ్డం ఎత్తేవాడు. ఊళ్ళో నలుగురి కొంపలు కూల్చినవాడు నన్ను తొడుక్కుని పరమ సాధువులా చూసేవాడు. ముందువైపు నుంచి చూస్తే నేను అందరికీ అతికినట్టు సరిపోయేదాన్ని. వెనక్కి వెళ్ళి చూస్తే కదా అసలు సంగతి! బక్కపలచటి మనిషైతే వీపు దగ్గర నన్ను గుప్పెడు పోగుచేసి బట్టల క్లిప్పులు పెట్టేవారు. లావుపాటి మనిషైతే వెనక కుట్టు విప్పి, రెండు ముక్కలుగా అటూ ఇటూ వేలాడేసేవారు. కెమెరాకి వెనకవైపు కనపడదు. నా బతుకంతా వెనకవైపే కాబట్టి నాకు కనపడుతుంది.

నేను పుట్టింది బెజవాడ గవర్నరుపేటలో, సింహాద్రి అనే టైలరు మిషను మీద. కుట్టించినాయన గంధం నాగభూషణం గారు. అప్పుడాయన ఏలూరు మెయిన్ బజారులో 'గంధం కెమెరా హౌస్' అని కొత్తగా షాపు తెరవబోతున్నాడు. ముందు గదిలో కెమెరాలూ, ఫిలిం రీళ్ళూ అమ్మకం. తెర వెనక గదిలో స్టూడియో.

"పెళ్ళికాండీ?" అన్నాడు సింహాద్రి, మెడలోంచి టేపు తీస్తూ.

"కాదు, ఊరందరికీ."

"మరి ఊరందరి కొలతలేవండీ?"

"నా కొలతలు తీసుకో. నాకు పట్టిందంటే ఎవడికైనా పడుతుంది," అని పెద్దగా నవ్వాడు భూషణం గారు. అప్పట్లో ఆయన నిండుగా, గుమ్మానికి సరిపడా ఉండేవాడు. ఆ మాట అప్పుడు నాకు డాబుగా తోచింది గానీ, ఊరందరికీ తన కోటు తొడగాలనుకున్న మనిషిని మళ్ళీ నేను చూడలేదు.

షాపు తెరిచిన రోజు నన్ను మొదట తొడుక్కున్నది ఆయనే. ఫోటో తీసినవాడు కరీముల్లా. పాతికేళ్ళు కూడా లేని సన్నటి మనిషి. పెళ్ళిళ్ళలో లైట్లు పట్టుకునే పని మానేసి, భూషణం గారిని నమ్ముకుని వచ్చాడు. ఆ రోజు లైటు మరీ దగ్గరగా పెట్టాడేమో, నా కాలరు కమురు వాసన కొట్టింది. కరీముల్లా కంగారుపడి పరిగెత్తుకొచ్చి అరచేత్తో అద్దాడు. అతని చెయ్యీ కాలింది, నా మీద మచ్చా పడింది. కొత్త కోటు, మొదటి రోజు. ఉద్యోగం పోయిందనే అనుకున్నాడు పాపం.

"కోటు పోతే పోయిందిలే కరీమూ, నువ్వు ఫోటో ఆపకు," అన్నాడు భూషణం గారు.

మచ్చతోనే ఆ ఫోటో తీశాడు. దాన్ని పెద్దది చేయించి, ఫ్రేము కట్టించి, ముందు గదిలో గోడకి తగిలించారు. ఆ తరవాత బెజవాడ బీసెంట్ రోడ్డులో, భీమవరంలో, తెనాలిలో, రాజమండ్రిలో ఎక్కడ గంధం వారి షాపు తెరిచినా అదే ఫోటో గోడకెక్కేది. భూషణం గారు బెజవాడకి మకాం మార్చాడు. ఏలూరు షాపు కరీముల్లా చేతికి వచ్చింది.

ఈ కరీముల్లాని నేను చాలా ఏళ్ళు అనుమానించాను. శుక్రవారం వస్తే చాలు, నమాజుకి వెళ్ళొచ్చి నన్ను ఎండలో వేసి, బ్రష్షుతో దులిపి, నా జేబులు తడిమి చూసేవాడు. ఏదో ఉద్దేశం లేనిదే మనిషి కోటుని ఇంత ముద్దు చేస్తాడా? ఎప్పుడో ఒకనాడు ఏ చుట్టాల పెళ్ళికో నన్ను సంచిలో కుక్కుకుపోతాడని కాసుకుని కూర్చున్నాను. ఒక్కసారి కూడా తీసుకెళ్ళలేదు. జేబుల్లో జనం మరిచిపోయిన దువ్వెనలూ, బస్సు టిక్కెట్లూ, ఒకసారి బంగారపు ముక్కుపుడకా దొరికితే, వాటినన్నిటినీ కౌంటరు మీద గాజుసీసాలో వేసేవాడు. ఆ ముక్కుపుడక తాలూకు మనిషి ఏడాది తరవాత వచ్చి తీసుకెళ్ళింది. నాకు అనుమానించడానికి ఇక ఏమీ మిగలక, అలిసిపోయి ఊరుకున్నాను.

మా షాపులో ఒక పని ఉండేది. ఊళ్ళలో చాలామందికి బతికుండగా ఫోటో దిగే తీరిక దొరకదు. పోయాక ఇంట్లోవాళ్ళకి గోడ మీద పెట్టుకోవడానికి బొమ్మ కావాలి. ఎవరి పెళ్ళిలోనో వెనక వరసలో నిలబడ్డ చిన్న ముఖం ఒకటి పట్టుకొచ్చేవారు. "ఆయనకి కోటు వెయ్యండి బాబూ, జీవితంలో చొక్కా గుండీలు సరిగ్గా పెట్టుకున్న మనిషి కాదు," అని ఒకావిడ నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. కరీముల్లా నన్ను కుర్చీకి తొడిగి, లోపల ఎవరూ లేకుండా ఒక ఫోటో తీసి పెట్టుకున్నాడు. మెడ దాకా నేను, మెడపైన శూన్యం. ఆ శూన్యంలో పోయినవాళ్ళ ముఖం అతికించేవాడు. మొదట్లో కత్తెరా, జిగురూ, సన్న కుంచే పెట్టి చేసేవాడు. తరవాత కంప్యూటరు మీద. అలా ఒక్కసారైనా ముట్టుకోని మనుషుల ఒంటి మీద నేను ఎన్ని ఇళ్ళలో దండలు వేయించుకున్నానో లెక్కే లేదు.

ఇక్కడొక సంగతి గమనించాలి మీరు. వాళ్ళు తెచ్చేది ఆ మనిషికి ఈ లోకంలో మిగిలిన ఒకే ఒక్క ఫోటో. అది పోతే ఆ ముఖం మళ్ళీ దొరకదు. అలాంటిదాన్ని కరీముల్లా చేతిలో పెట్టి, ఎప్పుడిస్తావని కూడా అడక్కుండా వెళ్ళిపోయేవారు. రసీదు అడిగినవాణ్ణి నేను చూడలేదు. అతను ఆస్తిపాస్తులు కూడబెట్టలేదు గానీ, ఏలూరులో అతనికున్నది ఆ నమ్మకం. ఎవర్నీ నమ్మని నేను, ఊరంతా ఒక మనిషిని అలా నమ్మడం చూసి కొంచెం అసూయపడేదాన్ని కూడా.

తరవాత సెల్‌ఫోన్లు వచ్చాయి. ఫిలిం రీళ్ళు అమ్మడం ఎప్పుడో ఆగింది. డిజిటల్ కెమెరాలు నాలుగేళ్ళు ఊపిరి పోశాయి. ఆ తరవాత జనం షాపులోకి రావడం, అద్దాల బల్ల మీద కెమెరా తీయించుకుని చూడటం, తిప్పి తిప్పి చూసి, చివరికి జేబులోంచి ఫోను తీసి ఆ కెమెరాకే ఒక ఫోటో తీసుకుని వెళ్ళిపోవడం మొదలైంది. కౌంటరులో రత్నకుమారి అని ఒకామె ఉండేది. నోరు కాస్త పదును, మనసు మంచిది. "ఇంక కెమెరాలతో పాటు మనల్ని కూడా ఫోటో తీసుకుని పోతారండీ, చూడ్డానికి," అనేది.

కరీముల్లా ఒకసారి బెజవాడ వెళ్ళి భూషణం గారికి చెప్పి వచ్చాడు. కెమెరా కొనేవాళ్ళు తగ్గిపోతారు గానీ ఫోటో దిగాల్సిన అవసరం ఎక్కడికీ పోదు, సరుకు తెప్పించడం తగ్గించి స్టూడియోలు బాగు చేద్దామని. తిరిగొచ్చినప్పుడు అతని ముఖం వాడిపోయి ఉంది.

"ఏమన్నారండీ?" అంది రత్నకుమారి.

"ఎవరు చెప్పమన్నారని అడిగారమ్మా. సొంతంగా పెట్టుకునే ఉద్దేశం ఉందా కరీమూ, అన్నారు."

అదీ మొదలు. అనుమానం నా సొత్తు అనుకునేదాన్ని ఇన్నాళ్ళూ. భూషణం గారి అనుమానం ముందు నాది ఏ మూలకీ రాలేదు. ఆయన లెక్క ఆయనది. జనం పెళ్ళిళ్ళు మానేశారా? లేదు. పిల్లల్ని కనడం మానేశారా? లేదు. మరి కెమెరాలు ఎందుకు కొనరు? కొంటూనే ఉండి ఉంటారు. ఎవడో మధ్యలో నొక్కేస్తున్నాడు. ఇలా ఆలోచించి, ప్రతి షాపులోనూ కప్పుకి నాలుగు మూలలా నాలుగు కెమెరాలు పెట్టించాడు. ఆ ఏడాది గంధం కెమెరా హౌస్ అమ్మిన కెమెరాల కన్నా తన మనుషుల మీద పెట్టించినవే ఎక్కువ. సాయంత్రం ఇంటికెళ్ళేటప్పుడు రత్నకుమారి అన్నం క్యారేజీ మూత తీసి చూపించి వెళ్ళాలి. మిగిలిన కూరలోకి తొంగిచూసే పని కరీముల్లాకి పడింది. అతను తల పక్కకి తిప్పుకుని "సరే అమ్మా, వెళ్ళు," అనేవాడు. తల తిప్పుకున్న సంగతి కూడా పైనున్న కెమెరాలో పడింది.

ఆ తరవాత హైదరాబాదు నుంచి నిఖిలేష్ అనే కుర్రాణ్ణి జీతానికి తెచ్చుకున్నాడు, నష్టం ఎక్కడ జరుగుతోందో కనిపెట్టడానికి. చదువుకున్నవాడే, తెలివైనవాడే. కాకపోతే పుట్టినప్పటి నుంచీ ఫోన్లో ఫోటోలు దిగిన మనిషి. స్టూడియో మేకుకి ఒక కోటుంటుందని అతనికి ఎవరూ చెప్పలేదు. అన్ని షాపుల కంప్యూటర్లూ జల్లెడ పట్టి, ఏలూరు షాపు దగ్గర ఆగిపోయాడు.

ఒక మధ్యాహ్నం భూషణం గారినీ వెంటబెట్టుకుని వచ్చాడు. ముందు గదిలో, సరిగ్గా గోడ మీదున్న ఫోటో కింద కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. నేను తెర వెనక మేకు మీద ఉన్నాను. గుడ్డ తెరే కాబట్టి అన్నీ వినిపిస్తున్నాయి.

"మీ కస్టమర్లు అందరూ ఒకే కోటు వేసుకుంటారా?" అన్నాడు నిఖిలేష్.

కరీముల్లాకి అర్థం కాలేదు. "అవునండీ," అన్నాడు మామూలుగా.

"వందల ఫోటోలు చూశాను. ఒకే కోటు, ఒకే మడత, ఒకే చోట మచ్చ. మెడ కింద అంతా ఒకే మనిషి. తలలు మాత్రం మారుతున్నాయి. పైగా ఈ బిల్లుల్లో పేర్లకి ఫోన్లు చేశాను. సగం మంది చచ్చిపోయారు. చచ్చిపోయినవాళ్ళు వచ్చి ఫోటో తీయించుకున్నారా?"

"చచ్చిపోయారు కాబట్టే తీయించుకున్నారండీ," అన్నాడు కరీముల్లా.

రత్నకుమారి కిసుక్కున నవ్వింది. నవ్వకుండా ఉండాల్సింది. నిఖిలేష్ ముఖం ఎర్రబడింది. లేని గిరాకీలకి దొంగ బిల్లులు రాసి, ఆ పేరు చెప్పి ఫోటో పేపరూ, ప్రింటరు ఇంకూ బయట అమ్ముకుంటున్నారని తేల్చి చెప్పాడు. కరీముల్లా లేచి లోపలికొచ్చి, నన్ను మేకు మీంచి తీసుకెళ్ళి బల్ల మీద పరిచాడు.

"ఇదండీ ఆ కోటు. స్టూడియో కోటు. వచ్చినవాళ్ళందరికీ ఇదే వేస్తాం."

"అంటే దీంతోనే చేశారన్నమాట," అన్నాడు ఆ కుర్రాడు. వెతకబోయిన సాక్ష్యం తనంతట తానే నడిచొచ్చినట్టు సంబరపడ్డాడు.

బల్ల మీద వెల్లకిలా పడున్నాను కాబట్టి నాకు పైన గోడ సూటిగా కనపడుతోంది. ఫ్రేములో నిండుగా భూషణం గారు. ఆయన ఒంటి మీద నేను. నా కాలరు మీద శనగగింజంత మచ్చ. కింద కుర్చీలో అదే భూషణం గారు. నిఖిలేష్‌కి తల ఎత్తే అవసరం కలగలేదు. రత్నకుమారి చూసింది. చెయ్యెత్తి చూపించబోయింది. కరీముల్లా కళ్ళతోనే ఆమెని వారించాడు.

"భూషణం గారూ," అన్నాడు నెమ్మదిగా. "ఈ కోటు సంగతి మీకు తెలుసు గదండీ. మీరు చెప్పండి."

భూషణం గారు తలెత్తాడు. గోడ వైపు ఆయన చూపు వెళ్ళడం నేను చూశాను. వెళ్ళింది, ఆగింది, దిగింది. ఆ మాట ఒప్పుకుంటే దొంగ లేడని ఒప్పుకోవాలి. దొంగ లేకపోతే, తన కెమెరాలు ఇక ఎవరికీ అక్కర్లేదని ఒప్పుకోవాలి. దోచుకున్నారనుకోవడం ఆయనకి తేలిక.

"ఏమో," అన్నాడు. "కోట్లన్నీ ఒక్కలాగే ఉంటాయి. నాకేం గుర్తుంటుంది?"

కరీముల్లా షాపు తాళాలు నా మీద పెట్టి, చెప్పులు వేసుకుని మెట్లు దిగాడు. రత్నకుమారి వెనకాలే పరిగెత్తింది. "ఎదురుగా గోడ మీదుంటే చూపించరేంటండీ? మీకేమైనా మతిపోయిందా?" అని ఆమె అరుస్తుంటే అతను చెప్పిన జవాబు వీధిలోంచి వినపడింది.

"ఆయనకి కనపడలేదనుకున్నావా?"

వార్త సాయంత్రానికల్లా బజారంతా పాకింది. కరీముల్లా మీద కేసంట, చచ్చినవాళ్ళ పేర్ల మీద తినేశాడంట అని. మర్నాటి నుంచి జనం రావడం మొదలుపెట్టారు. ఇచ్చిన ఫోటోలు తిరిగి పట్టుకుపోవడానికి. "పనేం తొందర లేదులెండి, ముందు మా ఫోటో ఇచ్చెయ్యండి," అంటూ ఒక్కొక్కరే వచ్చి, రత్నకుమారి చేతుల్లోంచి లాక్కున్నట్టు తీసుకున్నారు. నాకు ఏడుపు రాదు, గుడ్డముక్కని కదా. వచ్చేదుంటే ఆ రోజు వచ్చేది.

నన్ను ప్లాస్టిక్ కవరులో పెట్టి, 'ఏలూరు కేసు' అని చీటీ అంటించి, బీసెంట్ రోడ్డు ఆఫీసులో గాజు తలుపుల బీరువాలో తగిలించారు. అక్కణ్ణించి నేను భూషణం గారినే చూస్తూ కూర్చున్నాను. ఆయన గోడకున్న టీవీలో తన షాపుల్ని చూస్తూ కూర్చునేవాడు. తెర నిండా గళ్ళు, గడికొక షాపు. పట్టుకుందామంటే దొంగ ఎక్కడా దొరకలేదు. ఎక్కడ చూసినా ఖాళీ కౌంటరూ, అమ్ముడుపోని కెమెరాల మీద దుమ్ము దులిపే మనిషీ. తెనాలి మూతపడింది, ఆ గడి నల్లబడింది. భీమవరం నల్లబడింది. ఏలూరు షాపులో కరీముల్లా బదులు వచ్చినవాడికి పోయినవాళ్ళకి కోటు వెయ్యడం రాదు, వెయ్యడానికి కోటూ లేదు. అది ఆరునెలలు కూడా నిలవలేదు.

నిఖిలేష్ వేరే కంపెనీకి వెళ్ళిపోతూ ఒక కాగితం ఇచ్చి వెళ్ళాడు. సెల్‌ఫోన్ల వల్ల కెమెరా వ్యాపారం దెబ్బతిందని అందులో సారాంశం. భూషణం గారు అది చదివి, మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"ఇది కరీము ఎప్పుడో చెప్పాడు," అన్నాడు, గదిలో ఎవరూ లేకపోయినా. నాతో అన్నాడని నేను అనుకోను. కానీ బీరువా వైపు తిరిగే అన్నాడు.

చివరికి గడులన్నీ నల్లబడ్డాయి. బల్లలూ, అద్దాలూ, కప్పుకి బిగించిన కెమెరాలూ బండ్లకెక్కించుకుపోయారు. బీరువా కొన్నవాడు నన్ను తీసి నేల మీద పడేశాడు. భూషణం గారు వంగి, తీసుకుని, కవరు చించి, చీటీ పీకేసి, నన్ను మడత పెట్టి గుడ్డసంచిలో వేసుకున్నాడు. మర్నాడు పొద్దున ఏలూరు బస్సెక్కాడు. నాకు ఎక్కడలేని అనుమానం మొదలైంది. దివాలా కాగితాల మీద అంటించడానికి ఆయనకి పాస్‌పోర్టు ఫోటో కావాలి, నిజమే. బీసెంట్ రోడ్డులో అడుగడుక్కీ స్టూడియో ఉండగా ఏలూరు దాకా ఎందుకు? ముసలాయన కరీముల్లాని ఇంకేదో ఇరికించబోతున్నాడనే అనుకున్నాను.

ఏలూరు కోర్టు ఎదురుగా కరీముల్లా రేకుల బంకు. వెనక తెల్లగుడ్డ, ముందు స్టూలు, పక్కన చిన్న ప్రింటరు. కరీముల్లా గడ్డం నెరిసింది. రత్నకుమారి కత్తెరతో ఫోటోలు కత్తిరిస్తోంది. భూషణం గారిని చూసి ఆమె కత్తెర ఆపింది.

"ఫోటోకా అండీ? లేకపోతే సాక్ష్యం ఇంకేమైనా మిగిలిపోయిందా?"

"రత్నా," అన్నాడు కరీముల్లా. అంతే అన్నాడు. స్టూలు తుడిచి "కూర్చోండి సార్" అన్నాడు. ఇన్నేళ్ళలో భూషణం గారిని అతను సార్ అని పిలవడం నేనెప్పుడూ వినలేదు.

భూషణం గారు సంచిలోంచి నన్ను తీశాడు. కరీముల్లా నన్ను తీసుకుని, దులిపి, అలవాటు చొప్పున జేబులు తడిమి, ఆయనకి తొడిగాడు. నా కొలతలు ఆయనవే. అయినా భుజాలు జారిపోయాయి, చేతులు వేళ్ళ దాకా వచ్చాయి. లోపల మనిషి అంత తరిగిపోయాడు. కరీముల్లా వెనక్కెళ్ళి, వీపు దగ్గర నన్ను పోగుచేసి క్లిప్పులు పెట్టాడు. ఊరందరికీ తన కొలతలే చాలన్న మనిషికి ఆ కోటు క్లిప్పులతో నిలబడింది.

"కరీమూ, ఆ రోజు నేను..."

"మాట్లాడకండి సార్. పెదాలు కదులుతాయి."

మెత్తగానే అన్నాడు. కానీ ఆ మెత్తదనంలో తలుపు గడియ పడింది. అతను కెమెరా ఎత్తాడు. సరిగ్గా అప్పుడు, బంకు ముందు చాలాసేపట్నుంచీ తచ్చాడుతున్న ఒకావిడ గొంతు సవరించుకుంది. పైడమ్మ అట పేరు, దెందులూరు నుంచి వచ్చింది. కొంగులో ఏదో ముడేసుకుని పట్టుకుంది.

"బాబూ, మా ఆయన ఫోటో పెద్దది సెయ్యాలి. ఎప్పుడిస్తారు?"

"రేపు సాయంత్రం అమ్మా. ఫోటో ఇచ్చి వెళ్ళండి."

ఆవిడ ముడి విప్పలేదు. "ఉన్నది ఇదొక్కటే బాబూ. ఇక్కడే కూకుంటాను, నా కళ్ళెదురుగా సేసిచ్చెయ్యండి. ఏమనుకోమాకండి, మీ మీద ఏదో కేసయ్యిందంట గదా. పోయినోళ్ళ ఫోటోలతో ఏదో సేశారంట. మా ఊళ్ళో అన్నారు."

కరీముల్లా కెమెరా దించాడు. కోపం తెచ్చుకోలేదు. ఆ మాట రోజూ వింటున్నవాడిలా తల ఊపి, "సరే అమ్మా, కూర్చోండి," అన్నాడు. రత్నకుమారి కళ్ళు తుడుచుకుంది.

నా లోపల భూషణం గారి ఒళ్ళు ఒక్కసారి బిగుసుకోవడం నాకు తెలిసింది.

"ఏమ్మా," అన్నాడు ఆవిడ వైపు తిరిగి. "ఆ మాట పుట్టించింది నేను. గంధం నాగభూషణం అంటారు నన్ను. ఆయన ఏ తప్పూ చెయ్యలేదు. ఆ ఫోటోల్లో ఉన్నది ఈ కోటే. స్టూడియో కోటు. నేనే కుట్టించాను, అందరికీ ఇదే వేసేవాళ్ళం."

పైడమ్మ ఆయన్ని ఎగాదిగా చూసింది. ఆ చూపు నాకు బాగా తెలుసు. అది నాదే.

"కోటు ఏసుకుని సెప్తే ఎలా నమ్మేదండీ?" అంది. "మొన్న సీటీపాటల కంపెనీ ఆయనా ఇలాంటి కోటే ఏసుకొచ్చి, మా ఈదంతా ముంచేసి పోయాడు. అది తీసేసి సెప్పండి."

ఇన్నేళ్ళ నా బతుకులో, నేను చెప్పాలనుకుని చెప్పలేని మాట అన్న మనిషి ఆవిడొక్కతే.

భూషణం గారు లేచాడు. నన్ను విప్పబోతే క్లిప్పులు అడ్డం పడ్డాయి. లాగాడు. ఒకటి ఎగిరి ప్రింటరు మీద పడింది, రెండోది పక్కనున్న మురుగుకాలవలో పడింది. నన్ను స్టూలు మీద పెట్టి, మాసిన తెల్లచొక్కాతో, చేతులు వేలాడేసుకుని ఆవిడ ముందు నిలబడ్డాడు. ఫోటో కోసం వచ్చి ఎదురుచూస్తున్న నలుగురూ ఆయన్నే చూస్తున్నారు.

"ఆ రోజు నాకు అన్నీ తెలుసమ్మా. గోడ మీద నా ఫోటోలో కూడా ఇదే కోటు ఉంది. చూశాను. చూసి, గుర్తులేదని అబద్ధం చెప్పాను. నా వ్యాపారం పోవడానికి ఎవడో ఒకడు దొంగ కావాలి నాకు. కరీముల్లా గారు దొంగ కాదు. నా మాటకి ఇప్పుడు విలువ లేదు, అయినా చెబుతున్నాను."

కరీముని 'గారు' అన్నాడు. కరీముల్లా ప్రింటరు మీది క్లిప్పు తీసి, చూసి, జేబులో వేసుకున్నాడు.

పైడమ్మ ఇంకాసేపు ఆయన ముఖంలోకి చూసింది. తరవాత కొంగు ముడి విప్పింది. అందులోంచి తీసిన ఫోటో మూలలు నలిగిపోయాయి, లోపల గోరంత ముఖం. దాన్ని కరీముల్లా చేతిలో పెట్టింది. అతను రెండు చేతులూ పట్టి తీసుకున్నాడు.

"కోటు ఎయ్యండి బాబూ ఆయనకి. దాని కాలరు మీద ఆ మచ్చ పోకపోయినా పర్లేదు. రేపొస్తాను," అని బస్టాండు వైపు వెళ్ళిపోయింది. వెనక్కి తిరిగి చూడలేదు.

భూషణం గారు స్టూలు మీంచి నన్ను తీసుకున్నాడు. మళ్ళీ తొడుక్కోవాలో వద్దో తెలియక అలాగే పట్టుకుని నిలబడ్డాడు. కరీముల్లా వచ్చి నన్ను ఆయన చేతుల్లోంచి తీసుకుని, తెల్లగుడ్డ పక్కనున్న మేకుకి తగిలించాడు.

"కోటు లేకుండా తీస్తే కోర్టు వాళ్ళు ఒప్పుకుంటారా?" అన్నాడు భూషణం గారు.

"ఒప్పుకుంటారు. అలాగే కూర్చోండి భూషణం గారూ," అన్నాడు కరీముల్లా, కెమెరా ఎత్తుతూ. "గడ్డం కొంచెం దించండి."